కమాను కూర్చునే చప్పుడు

జహీరాబాద్
జూన్, సోమవారం

శ్రీ గురు బసవలింగాయ నమః

తమ్ముడు మల్లేశ్‌కు పెద్దక్క చెన్నమ్మ దీవించి రాసేది.

నీ చిరునామా నీ దోస్తు రామచందర్ ఇచ్చాడు. ఇవ్వనని నీకు మాటిచ్చాడట. నేను వాళ్ళ గడపలో కూర్చున్నాను, లేవలేదు. ఇచ్చాడు. అతణ్ణి ఏమీ అనకు.

ఫోన్ చేస్తే "ఆ అక్కా, ఆ అక్కా" అని పెట్టేస్తున్నావు. కాగితం మీద అట్ల కుదరదు.

చెల్లె జ్యోతి చేతి కుట్లు విప్పారు. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు ఇంక వంగవు. లోపల నరాలు తెగాయి. కుట్టారు, అతకలేదు. కట్టెపుల్లల లెక్క నిలబడి ఉన్నాయి. ఎడమ చేత్తో తింటోంది. మొదట్లో తినేటప్పుడు ఏడ్చేది. ఇప్పుడు ఏడవడం మానేసింది. నాకు అదే భయంగా ఉంది.

నువ్వు అడగలేదు గాని చెప్తాను. న్యాల్‌కల్ దగ్గర చేనులో విత్తనపు అల్లం కోస్తున్నారు ఆడవాళ్ళు. పోయిన దసరాకు ముందు నువ్వు చేసిచ్చిన మడత చాకే. పూజలో పెట్టినప్పటి నుంచి డబ్బాలోనే ఉంది, ఆ రోజే మొదటిసారి తెరిచింది. ముదురు దుంపలో చాకు అలుగు ఇరుక్కుంది. వెనక్కి గుంజింది. తెరిచిన అలుగును వెనక నుంచి పట్టి ఉంచాల్సిన ఉక్కు కమాను వదిలేసింది. అలుగు మడతపడి వేళ్ళ మీదికి వచ్చింది.

"తెరిసినప్పుడు టక్ మనలేదక్కా, మెత్తగ అన్నది. నూనె ఎక్కువైందేమో అనుకున్న" అంటోంది.

సంతలో "మల్లేశ్ చాకు కరుస్తది" అని నవ్వుతున్నారు. అది పట్టించుకోను. జ్యోతి మాట పట్టించుకుంటాను. "అన్న పేరు నా ముంగట ఎత్తకు. సొంత చెల్లెకు సగం పని చేసి ఇచ్చిండు" అన్నది.

ఆ సాయంత్రం నువ్వు దవాఖాన నుంచి వచ్చి చాకు పట్టుకొని అంగట్లోకి పోయావు. తలుపు వేసుకున్నావు. తెల్లారి బస్సెక్కావు. నాయిన కూర్చున్న బల్ల వదిలి పోయావు.

చాకులో తప్పేంటి? ఆ చాకు ఎక్కడుంది? అడిగేది అంతే.

చెన్నమ్మ


భోసరి, పుణె
జూన్ నెలాఖరు

పెద్దక్కకు మల్లేశ్ నమస్కారాలు.

ఉత్తరం చేరింది. పోస్టుమ్యాన్ నా పేరు పిలిస్తే మేమందరం ఉండే గదిలో, ఇక్కడ ఖోలీ అంటారు, ఉన్నవాళ్ళందరూ లేచి కూర్చున్నారు. మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు. ఈ కాలంలో ఉత్తరం ఇంకెందుకు వస్తుంది?

చాకుల ఫ్యాక్టరీలోనే పని దొరికింది. నవ్వకు. నా చేతికి వేరే ఏమీ రాదు కదా. ఇక్కడి చాకులకు వీపున కమాను ఉండదు. పిడి లోపల సన్నటి రేకు ఉంటుంది. అలుగు తెరవగానే ఆ రేకు పక్కకు జరిగి అలుగు మడమకు అడ్డం నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలితో దాన్ని నెట్టాలి. చూడటానికి సోకు. వాడగా వాడగా రేకు అంచు అరుగుతుంది, అలుగు ఊగుతుంది. మనదైతే చీల కొట్టి తీసి, అలుగు మడమలో కమాను కూర్చునే గాడిని ఆకురాయితో సరిచేసి, మళ్ళీ కొత్త చీల వేస్తాం. ఇక్కడ రివిట్లు మిషను నొక్కేస్తుంది. విప్పే దారి లేదు. ఊగితే పారెయ్యడమే. మొదట్లో పాపమనిపించింది. ఇప్పుడు నయమనిపిస్తోంది. గేటు దాటిన చాకు మళ్ళీ నా ముందుకు రాదు. అది ఎవరి చేతిలో ఏం చేసిందో నాకు తెలియనక్కర లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. తప్పు కమానుది, అంటే నాది. ఉక్కును కాల్చి నూనెలో ముంచాక మళ్ళీ సన్నటి సెగ మీద పెడతాం చూడు, నీలం రంగు రాగానే తీసేయాలి. నేను నీలం దాటనిచ్చాను. కమాను మెత్తబడింది. మెత్తటి కమాను గాడిలో గట్టిగా కూర్చోదు, గుంజితే లేచిపోతుంది. నాయిన చనిపోయిన నెలలో నేను చేసిన పని అది. కళ్ళు పని మీద లేవు. జ్యోతి అన్నది నిజమే. సగం పని.

చాకు బావిలో పారేశాను.

ఇంక అడగొద్దు అక్కా. చెల్లెకు ఏం కావాలో చూసుకో.

మల్లేశ్


జహీరాబాద్
జులై, సోమవారం

శ్రీ గురు బసవలింగాయ నమః

తమ్ముడు మల్లేశ్‌కు,

చిన్నప్పుడు నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కువ మాట్లాడేవాడివి. కమాను గురించి చాలా రాశావు.

చాకును నేను నాయిన తువ్వాలలో చుట్టి నీకిచ్చాను. తువ్వాల కూడా కనపడటం లేదు. బావిలో పారేసేవాడు తువ్వాల విప్పి పారేస్తాడు. నాయిన తువ్వాలను నువ్వు నీళ్ళలో వెయ్యవు.

మహాదేవప్పను పిలిపించాను. నాయిన పక్కన కూర్చొని అన్నేళ్ళు పిడులు బిగించిన మనిషికి తెలియంది ఉంటుందా అనుకున్నాను. పూజ డబ్బాలో ఎవరూ తీసుకుపోక మిగిలిన చాకులు, ఆ తడవ నువ్వు చేసినవే, బల్ల మీద పరిచాను. ఒకదాని చీల కొట్టి కమాను బయటికి తీశాడు. వంచి వదిలాడు. అది ఎగిరి గోడకు తగిలింది.

"ఇది మెత్తగున్నదని ఎవడన్నడు? మెత్తగున్నది వాని దిమాక్" అన్నాడు.

"మరి పట్టు ఎందుకు తప్పింది?" అన్నాను.

గాడిలోకి చూశాడు. నా ముఖం చూశాడు. మళ్ళీ గాడిలోకి చూశాడు.

"జర చాయ్ పెట్టు బిడ్డా" అన్నాడు.

మహాదేవప్ప చాయ్ తాగడు. నేను పెట్టి తెచ్చేసరికి చాకులన్నీ డబ్బాలో సర్దేశాడు. కళ్ళు మసకలైనయి, మళ్ళొకసారి చూస్తానని చెప్పి పోయాడు. చాయ్ అట్లే చల్లారింది.

జ్యోతిని ఇప్పుడు అల్లం పనికి ఎవరూ పిలవడం లేదు. చెయ్యి అట్లున్నందుకు కాదట. ఆ చెయ్యి చూస్తే మిగతావాళ్ళకు చాకు పట్టుకోబుద్ధి కావడం లేదట. చెయ్యి కొంగు కింద దాచుకొని కూర్చుంటోంది.

నిజం రాయి.

చెన్నమ్మ


భోసరి
జులై నెలాఖరు

పెద్దక్కకు,

మహాదేవప్పను ఎందుకు పిలిచావు? ఆ ముసలాయనకు ఏం కనపడుతుంది, ఏం తెలుస్తుంది?

డబ్బా ముట్టకు. తాళం వెయ్యి. ఎవరైనా తమ చాకు ఇమ్మని వస్తే ఇవ్వకు, మల్లేశ్ వచ్చినప్పుడు ఇస్తాడని చెప్పు. తిట్టినా ఇవ్వకు. ఒక్క చాకు కూడా బయటికి పోవద్దు. ఈ ఒక్కటి తప్పకుండా విను.

తప్పు నాది అని నేనే అంటుంటే నీకేం బాధ అక్కా? లోకంలో ఎవరైనా తప్పు లేదని కొట్లాడతారు. నేను ఉందని కొట్లాడాల్సి వస్తోంది, అదీ నీతో.

నీ పూజ నువ్వు చేసుకో. ఏం జరిగినా పూజ మానొద్దు. ఈసారి దసరాకు నాయిన సుత్తి, తక్కెడ పెట్టుకో, చాలు. చాకులు వద్దు.

మల్లేశ్


జహీరాబాద్
శ్రావణ సోమవారం

శ్రీ గురు బసవలింగాయ నమః

మల్లేశ్‌కు,

నా ఉత్తరంలో పూజ మాట లేదు. దసరా మాట లేదు. నువ్వే ఎత్తావు.

డబ్బా తెరిచాను. ఒక చాకు తీసి గాడిలో దబ్బనం పెట్టి గోకాను. తెల్లగా రాలింది. వాసన చూశాను. విభూతి, ఆముదం. రెండూ కలిసి ఎండి సున్నం లెక్క గట్టిపడ్డాయి. ఇంకొకటి చూశాను. అంతే. అన్నీ చూశాను.

మహానవమికి ఒక్కొక్క చాకు తెరిచి మూడు గీతలు పెట్టేది నేనే కదా. పైన పెట్టి ఊరుకునేదాన్ని కాదు. తడి విభూతిని వేలితో గాడిలోకి అదిమేదాన్ని. పట్టు ఉండేది అక్కడే, దేవుడు అక్కడే ఉండాలి అనుకునేదాన్ని. పైన ఆముదం రాసి మూసేదాన్ని. కమాను కూర్చోవాల్సిన చోట విభూతిని కూర్చోబెట్టాను. కమాను సగమే దిగింది.

చిన్నప్పటి నుంచి పెడుతున్నాను. ఇన్నేళ్ళు కానిది ఇప్పుడెందుకైంది? మహాదేవప్ప ఇంటికి పోయి అడిగాను. నా చేతిలో దబ్బనం చూసి చెప్పాడు.

"మీ నాయిన ఏటేట దసరా తెల్లారి అంగడి తలుపు ఓరగ ఏసుకొని అన్ని చాకులు కిరసనాయిల్‌ల కడిగెటోడు బిడ్డా. గాడి గాడికి పుల్ల పెట్టి గీకెటోడు. మల్ల కట్టె మీద చాకు వీపు తట్టి, టక్ మంటదా లేదా అని చెవు పెట్టి వినెటోడు. 'గిదేంది శరణప్పా, బిడ్డకు ఒక్క మాట చెప్పరాదు, గీ పని తప్పుతది' అని నేనన్న. 'దాని పూజ తప్పని నేనెట్ల చెప్తరా? మొగుడు పోయినంక దానికి మిగిలింది గదొక్కటే' అన్నడు. నన్ను కూడ చెప్పొద్దన్నడు."

"మరి పోయిన దసరాకు?" అన్నాను.

"శరణప్ప లేని అంగడి దిక్కు నాకు కాళ్ళు రాలే. యాదికి రాలే బిడ్డా."

ఆయన అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. ఈసారి ఆయన నాకు చాయ్ తెచ్చాడు.

నాయిన చెప్పకుండా కడిగాడు. నువ్వు చెప్పకుండా పోయావు. ఇద్దరూ నా మనసు నొవ్వకుండా కాపాడారు. జ్యోతి వేళ్ళను ఎవరూ కాపాడలేదు.

మొగుడంపల్లిలో వాళ్ళింటికి పోయి జ్యోతికి నేనే చెప్తాను.

చెన్నమ్మ


భోసరి
ఆగస్టు

అక్కా,

చెప్పకు. ఈ ఉత్తరం నీకు ముందు అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ఆ సాయంత్రం అంగట్లో చీల కొట్టి తీశాను. గాడిలో తెల్లగా కనపడింది. కాసేపు ఏంటో అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు సందులోంచి నువ్వు కనపడ్డావు. జ్యోతి కోసం ఇష్టలింగం అరచేతిలో పెట్టుకొని కూర్చున్నావు. నీ పెదవులు కదులుతున్నాయి. ఆ చెయ్యి చూసి నాకు నోరు రాలేదు. అక్కడే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాననుకున్నాను. అందుకే బస్సెక్కాను.

నాయిన కడిగేవాడని నాకు తెలియదు. దసరా మర్నాడు అంగట్లోకి రావద్దనేవాడు. పండుగ అలసట అనుకున్నాను. పూజకు ముందు నేను ప్రతి చాకునూ తట్టి చూశాను. పూజ తర్వాత చూడలేదు. దేవుడి దగ్గరికి పోయి వచ్చినదాన్ని మళ్ళీ పరీక్ష చేయాలని ఎవరికి తోస్తుంది?

జ్యోతికి నా మీద కోపం ఉండనీ. నేను దూరంగా ఉన్నాను, తట్టుకుంటాను. నువ్వు పక్క ఊర్లో ఉండి తట్టుకోలేవు.

మల్లేశ్


జహీరాబాద్
సెప్టెంబరు, సోమవారం

మల్లేశ్‌కు,

నీ ఉత్తరం అందేసరికే పోయి వచ్చాను.

జ్యోతి వంటింట్లో కింద కూర్చొని ఎడమ చేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అంతా విన్నది. చెయ్యి ఆపలేదు.

"అంటె అన్న తప్పు లేదు" అన్నది.

"లేదు."

"నీది."

"నాది."

"నీ దేవునిది."

"దేవునిది కాదు. అదిమింది నా వేలు" అన్నాను.

అప్పుడు చెయ్యి ఆపింది. నవ్వింది. ఆ నవ్వు నేను ఆమె ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"నాయినకు నీ మనసు ముద్దు. అన్నకు నీ మనసు ముద్దు. నా చెయ్యి ఎవ్వలకు ముద్దు లేకపాయె" అన్నది. "పో అక్కా, బస్సు పోతది."

బస్సుకు ఇంకా చాలా టైముంది. లేచి వచ్చాను.

తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. పూజలో కూర్చుంటే విభూతి వైపు చెయ్యి పోవడం లేదు. లింగాన్ని ఉత్త చేతిలో పెట్టుకొని ఊరుకుంటున్నాను. పైన శ్రీకారం లేకుండా నీకు రాసిన మొదటి ఉత్తరం ఇదే. చూశావు కదా.

నిన్న జ్యోతి వచ్చింది. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి కాగితం ఇచ్చింది. ఎడమ చేతిని కాగితం మీద ఆనించి పెన్సిలుతో చుట్టూ గీసుకుంది. కుడి చేతిలో పెన్సిలు నిలవక గీత అక్కడక్కడా పక్కకు జారింది.

"గీ చేతికి ఒక చాకు చెయ్యుమను అన్నను. మడిచేదే. నడుముల పెట్టుకోవాలె నేను, పనికి పోవాలె. కాని దాని చీల నేనే విప్పుకోవాలె. నేనే తుడుసుకోవాలె, నేనే బిగించుకోవాలె. ఇగ నా చాకును నాకు తెల్వకుండ ఎవ్వలు కడగొద్దు, ఎవ్వలు పూజ చెయ్యొద్దు" అన్నది.

నీళ్ళిస్తానన్నాను. వద్దన్నది.

కాగితం ఇందులో పెట్టాను. మడత మీద చిరగకుండా చూసుకో.

చెన్నమ్మ


భోసరి
సెప్టెంబరు నెలాఖరు

పెద్దక్కకు మల్లేశ్ నమస్కారాలు.

ఇది పార్సిల్‌తో పాటు వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత తువ్వాల విప్పు.

కాగితాన్ని గోడకు అంటించుకొని పిడి చెక్కాను. "ఎవరి చెయ్యి రా అది, పిల్లదా?" అని ఖోలీలో వాళ్ళు అడిగారు. చెల్లెది అన్నాను. గోరు పెట్టి తెరిచే గీత రెండో వైపు వేశాను, ఎడమ చేతికి అందేటట్లు.

రివిటు కాకుండా మర చీల, అంటే స్క్రూ, పెట్టాను. పైసల బిళ్ళతో తిప్పినా వస్తుంది. నాయిన మర చీలకు ఎన్నడూ ఒప్పుకోలేదు. రివిటు కొట్టింది ఏళ్ళ తరబడి కదలదు, కానీ మనం తప్ప ఎవరూ విప్పలేరు. మర ఎవరైనా విప్పొచ్చు, కానీ వాడేకొద్దీ వదులవుతుంది. రెండూ ఒక్క చాకులో రావు. అది జ్యోతికి నెమ్మదిగా చెప్పు. పనికి పోయే ముందు ప్రతిసారీ తెరిచి చప్పుడు వినాలి. టక్ మనాలి. మెత్తగా అంటే చీల విప్పి చూడాలి. బద్ధకిస్తే ఈ చాకు నాయిన చాకు కంటే చెడ్డది. చూసుకుంటే దీనికంటే మంచిది లేదు.

ఇంకొకటి. చాకును బావిలో పారేయలేదు. నువ్వు సరిగానే పట్టావు. ఇందులో వేసిన కమాను దానిదే. ఎన్నిసార్లు వంచి చూసినా దానిలో తప్పు దొరకలేదు. తప్పు లేనిదాన్ని పారేయడం నా చేత కాలేదు. ఇది జ్యోతికి చెప్పు, దాచొద్దు. వద్దంటే వేరే కమాను వేసి పంపిస్తాను.

బల్ల దగ్గరికి రమ్మని నువ్వు ఒక్కసారి కూడా రాయలేదు. రాయనందుకే రోజూ గుర్తొస్తోంది. జ్యోతి ఈ చాకును చేత్తో పట్టుకుంటే వస్తాను. పట్టుకోకపోతే రమ్మని అడగకు అక్కా.

మల్లేశ్


జహీరాబాద్
దసరా వెళ్ళాక, సోమవారం

శ్రీ గురు బసవలింగాయ నమః

తమ్ముడు మల్లేశ్‌కు పెద్దక్క దీవించి రాసేది.

కమాను సంగతి జ్యోతికి ఫోన్‌లో చెప్పాను. "అదే ఉండనీ. నన్ను కోసింది అది కాదు గద" అన్నది. ఆమె అన్నది నిజమే. చప్పుడు సంగతి కూడా చెప్పి, చాకును తువ్వాలతోనే మహాదేవప్ప చేత ఆమెకు పంపించాను.

డబ్బాలోని చాకులు మహాదేవప్ప అందరి ముందూ కడిగాడు, తలుపులు బార్లా తీసి. ఎవరి చాకు వాళ్ళకు ఇచ్చేటప్పుడు ఎందుకు కడుగుతున్నామో నేనే చెప్పాను. కొందరు తల దించుకొని తీసుకున్నారు. న్యాల్‌కల్ ఎంకమ్మ మాత్రం "మల్లేశ్‌ను ఊకె బద్నాం చేస్తిమి" అని గట్టిగా అన్నది. సంతలో ఆ మాట పోతుంది. చాలు.

మహానవమికి దేవుడి ముందు నాయిన సుత్తి పెట్టాను. చాకులు పెట్టలేదు. మహాదేవప్ప, నేను, అంతే. మంగళారతి ఇచ్చేటప్పుడు జ్యోతి వచ్చింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నా పక్కన కూర్చోలేదు, ఎదురుగా కూర్చుంది.

నడుములోంచి తువ్వాల తీసి పరిచింది. బిళ్ళతో మర విప్పింది. అలుగు, కమాను, చీల, పిడి. వేటికవి విడదీసి దేవుడి ముందు వరసగా పెట్టింది.

"ఇప్పుడు పెట్టు అక్కా" అన్నది.

విభూతి పళ్ళెం నా ముందే ఉంది. నా చెయ్యి లేవలేదు మల్లేశ్. మహాదేవప్ప దగ్గాడు.

జ్యోతి పళ్ళెం తన వైపు లాక్కుంది. కొంగు కింద నుంచి కుడి చెయ్యి తీసింది. చూపుడు వేలు, నడిమి వేలు ఎట్లున్నాయో అట్లే విభూతిలో అద్దింది. ఉంగరం వేలు వాటి పక్కన చాపింది. నా నుదుటి మీద మూడు గీతలు పెట్టింది. ఆ వేళ్ళు వంగవు. విభూతి పెట్టడానికి వంగనక్కర లేదు.

అలుగు మీద పెట్టలేదు. చెయ్యి తువ్వాలకు తుడుచుకొని చాకును మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది. కమాను ఒక చేత్తో వంచడం కుదరక మోకాలి కింద పెట్టి అదిమింది. మహాదేవప్ప సాయం పట్టబోతే "ముట్టకు తాతా" అన్నది. చాలాసేపు పట్టింది. తెరిచింది.

టక్ మన్నది. ముగ్గురం విన్నాం.

మళ్ళీ మడిచి నడుములో పెట్టుకొని లేచింది. ప్రసాదం తీసుకోలేదు. వస్తానని చెప్పలేదు. గడప దాటాక ఒకసారి ఆగింది, కానీ వెనక్కి తిరగలేదు. నా మీద ఆమెకు ఏమున్నదో నాకు తెలియదు. అది ఇప్పుడే పోయేది కాదు. నేనూ పొమ్మనను.

గీతలు వంకరగా వచ్చాయి. సాయంత్రం దాకా తుడవలేదు.

బల్ల మీద దుమ్ము దులిపాను. సుత్తి దాని చోట్లో పెట్టాను.

నువ్వు అడిగింది ఒక్కటే. చాకు పట్టుకుంది.

చెన్నమ్మ